రేటు మారితే తెర ఆరాలా?

సినిమా ప్లే నొక్కగానే టీవీ తెర నల్లబడిపోతుంది. కేబుల్ ఊడిందేమో అనుకునేలోపు బొమ్మ వస్తుంది, అప్పటికే మొదటి డైలాగ్ ఎగిరిపోయి ఉంటుంది. బ్యాక్ నొక్కి మెనూలోకి వస్తే మళ్లీ అదే చీకటి. ట్రైలర్ ఒక ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్క), సినిమా ఇంకో రేటు అయితే ఇక చెప్పక్కర్లేదు.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మెనూ 60. రేటు మారినప్పుడల్లా స్ట్రీమింగ్ బాక్సు, టీవీ తమ మధ్య హెచ్‌డీఎంఐ కేబుల్ లింకును మళ్లీ మొదటినుంచి కుదుర్చుకుంటాయి. పోనీ సినిమాను బట్టి రేటు మార్చే సెట్టింగ్ ఆపేసి అన్నీ 60లోనే చూద్దామంటే, 60ని 24 ఫ్రేములకు సమంగా పంచలేం కదా! ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు చూపిస్తారు. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్‌లో బొమ్మ కుంటుతుంది. ఒకసారి అది కంటపడిందా, ఇక కథ మీద ధ్యాస ఉండదు. 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు) అయితే 24కీ, 30కీ, 60కీ సమంగా సరిపోతుంది, కానీ చాలా బాక్సులు 60 దగ్గరే ఆగిపోతాయి.

దీనికి మందు లేదా అంటే, ఉంది. హెచ్‌డీఎంఐ 2.1 వెర్షన్‌లో క్విక్ మీడియా స్విచింగ్ అని పెట్టారు. రిజల్యూషన్ మారనంత వరకు తెర ఆరకుండానే రేటు మారుతుంది. కాకపోతే అది బాక్సులోనూ ఉండాలి, టీవీలోనూ ఉండాలి. అట్ట మీద 2.1 అని రాసి ఉంటే చాలదు, ఆ ఫీచర్ ఇవ్వడం ఇవ్వకపోవడం కంపెనీ ఇష్టమట! కొన్ని ఫోన్లయితే 1 హెర్ట్జ్ నుంచి 120 దాకా చడీచప్పుడు లేకుండా మారిపోతున్నాయి. (అక్కడ తెరా చిప్పూ ఒకే పరికరంలో ఉంటాయి, ఒప్పుకుంటాను.) గోడంత టీవీకి ఏం రోగం?