డైట్ కష్టాలు చెప్పి నవ్విస్తే బద్ధకాన్ని మెచ్చుకున్నట్టా?

ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ఒక్క మనిషి స్టేజి ఎక్కి గంటసేపు తన బరువు గురించి, చేసిన డైట్ల గురించి చెప్పి నవ్విస్తారే, అలాంటి సోలో షోల మీద కోపంతో రాసిన పోస్టు. అందులో ఉన్నది ఇదీ: తక్కువ తిని ఎక్కువ నడిస్తే ఎవరైనా తగ్గుతారు, తగ్గలేదంటే బద్ధకమే, ఇంకేం చెప్పినా సాకే. ఆ బద్ధకాన్ని నవ్వులాటగా మార్చి జనంలో ఉన్న కాస్త సిగ్గునూ పోగొడుతున్నారు. ఊబకాయం పెరిగిపోతున్న రోజుల్లో ఇది ప్రమాదం. ఇదంతా విదేశాల నుంచి తెచ్చుకున్న జాడ్యం. పైగా సన్నబడితే షో నడవదు కాబట్టి వీళ్ళు కావాలనే తగ్గరు.

నాకు నాటకమంటే ప్రాణం. బరువుతో ఏళ్ళ తరబడి అవస్థ పడుతున్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. అందుకే ఈ పోస్టును చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

ముందు బద్ధకం సంగతి. తక్కువ తిండి, ఎక్కువ నడక అనే సలహాను మనుషుల మీద గట్టిగా పరీక్షించి చూసిన సందర్భం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వాళ్ళు ఆయుధం పట్టం అని చెప్పి, దేశానికి ఇంకో రకంగా పనికొద్దామని తమంతట తాము వచ్చినవాళ్ళు. పట్టుదల లేనివాళ్ళని ఎవరూ అనలేరు. ఆరు నెలల పాటు వాళ్ళకి రోజుకి సుమారు 1,570 కేలరీల తిండి పెట్టి, వారానికి 35 కిలోమీటర్ల దాకా నడిపించారు. శరీర బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గారు. అక్కడిదాకా పోస్టు రాసినవారి మాటే నెగ్గినట్టు కనిపిస్తుంది.

కానీ ఆ ఆరు నెలల్లో వాళ్ళకి ఇంకేం జరిగిందో కూడా చూడాలి. పొద్దస్తమానం తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పట్టుకుని గంటలు గంటలు చదివేవాళ్ళు. పళ్ళాలు నాకేవాళ్ళు. దిగులు, చిరాకు, ఎవరితోనూ కలవలేకపోవడం. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. అంటే తిండి తగ్గేకొద్దీ శరీరం కూడా ఖర్చు తగ్గించుకుంటూ వచ్చింది. ఇప్పుడు మన ఫోన్లలో తిరిగే డైట్ చార్టుల్లో 1,200 కేలరీలవి మామూలే. ఆ చార్టు పట్టుకుని రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ ముందు నిలబడ్డాను అని స్టేజి మీద ఒకామె చెబితే, ఆమె చెప్పేది శరీరం పెట్టే నిజమైన ఆకలి గురించి. అందులో బద్ధకం ఎక్కడుంది?

ఇంకొకటి. అమెరికా టీవీలో బరువు తగ్గే పోటీ ఒకటి బాగా నడిచింది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు, అందులో 41 కిలోలు మళ్ళీ పెరిగారు. అంతకన్నా బాధ కలిగించే విషయం, ఆరేళ్ళు గడిచినా వాళ్ళ శరీరం విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి, ఆ బరువున్న మనిషికి ఉండాల్సిన దానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువగానే ఉంది. పక్కవాళ్ళతో సమానంగా తింటే వీళ్ళు పెరుగుతారు. వీళ్ళని పట్టుకుని నోరు కట్టుకోలేదు అనడం అన్యాయం.

"మేమిద్దరం ఒకే బంతిలో కూర్చున్నాం, ఒకే భోజనం తిన్నాం, వాడు అలాగే ఉన్నాడు, నేను ఇలా అయ్యాను" అనేది ఇలాంటి షోల్లో వినిపించే రకం మాట. పోస్టు రాసినవారు దీన్ని సాకు అన్నారు. 1990లో కెనడా శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. 12 జతల కవల యువకులకి, రోజూ అవసరానికి మించి 1,000 కేలరీలు, మొత్తం 84 రోజుల పాటు తినిపించారు. అందరికీ అదనంగా పెట్టింది ఒకటే. పెరిగింది మాత్రం ఒకరు 4.3 కిలోలు, ఇంకొకరు 13.3 కిలోలు. ఒక జతలోని కవలలు ఇద్దరూ ఇంచుమించు ఒకేలా పెరిగారు. ఎవరి ఒళ్ళు ఎంత దాచుకుంటుందో చాలావరకు పుట్టుకతోనే వస్తుందని తేలింది. స్టేజి మీది మాట సాకు కాదు.

ఇక సిగ్గు. సిగ్గుపడితేనే తగ్గుతారని నమ్మేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది. పెళ్ళిలో కనబడగానే పలకరింపుకి ముందే "ఏంటే, ఇంత ఒళ్ళు చేశావ్?" అంటారు. అదే మనిషి ఆరు నెలలు కష్టపడి తగ్గితే "అయ్యో, ఇలా చిక్కిపోయావేంటి, షుగరేమైనా వచ్చిందా?" అంటారు. ఆ వెంటనే "ఈ ఒక్క రోజుకి ఏం కాదులే" అని వద్దన్నా ఇంకో బూరె వేసి, దాని మీద నెయ్యి పోస్తారు. ఈ మాటలు పడినవాళ్ళు తగ్గుతారా? అమెరికాలో 6,000 మందికి పైగా పెద్దవాళ్ళని నాలుగేళ్ళ పాటు గమనించిన అధ్యయనం 2013లో వచ్చింది. మొదట్లో ఊబకాయం లేనివాళ్ళలో, బరువు కారణంగా చిన్నచూపుకి గురయ్యామని చెప్పినవాళ్ళు, మిగతావాళ్ళ కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా ఊబకాయంలోకి జారారు. మరుసటి ఏడాది ఇంగ్లండు నుంచి వచ్చిన అధ్యయనంలోనూ అంతే. అవమానపడ్డవాళ్ళు నాలుగేళ్ళలో సగటున దాదాపు కిలో పెరిగారు. అవమానం ఎదురుకానివాళ్ళు కొద్దిగా తగ్గారు. అవమానం మందు కాదని ఇంతకన్నా స్పష్టంగా ఏం చెప్పాలి?

అసలు ఈ పోస్టులో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇంకోటి. లావుగా ఉన్నవాళ్ళని చూసి నవ్వడం మనకి కొత్తేం కాదు. సినిమాల్లో దశాబ్దాలుగా లావుపాటి పాత్ర వచ్చేదే కుర్చీ విరగడానికి, నాలుగడుగులు పరుగెత్తి ఆయాసపడడానికి. ఆ జోకు రాసేది ఒకరు, నవ్వేది ఒకరు, పడేది ఒకరు. దానికి ఎవరూ ఇంత పొడుగు పోస్టు రాయలేదు. అదే మనిషి మైకు తన చేతిలోకి తీసుకుని, కొబ్బరి నూనె తాగిన రోజుల గురించి, ఉప్పూ నూనే లేని కూరల గురించి, పొద్దున్నే బరువు మిషన్ ఎక్కేముందు చెవి కమ్మలు కూడా తీసేయడం గురించి చెబితే మాత్రం కోపం వచ్చింది. ఇక్కడ నవ్వు ఎవరి మీద పడుతుందో చూడండి. డైట్లు అమ్మేవాళ్ళ మీద, అడక్కుండా సలహాలిచ్చే చుట్టాల మీద, అరకిలో అటూ ఇటూ అయితే రోజంతా పాడైపోయే మన భయం మీద. హాల్లో కూర్చున్న వందమందిలో తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని, అప్పటిదాకా ఒంటరిగా దాచుకున్న మనిషికి మొదటిసారి తెలుస్తుంది. అమెరికన్ నటి కామ్రిన్ మ్యాన్‌హైమ్ 1990ల్లో న్యూయార్క్‌లో తన బరువు మీదే సోలో ప్రదర్శన ఇచ్చింది. 1998లో టీవీ నటనకిచ్చే ఎమ్మీ అవార్డు పైకెత్తి పట్టుకుని, ఇది లావుగా ఉన్న అమ్మాయిలందరికీ అంది. ఆ మాట వెనక ఎన్ని అవమానాలున్నాయో పోస్టు రాసినవారు ఒక్కసారి ఆలోచించాలి.

విదేశీ జాడ్యం అన్నమాటకి పెద్దగా జవాబు అక్కర్లేదు గానీ, నాటకం మీద ప్రేమకొద్దీ చెబుతాను. ఒక్క నటుడే ప్రదర్శనంతా నడిపే హాస్యరూపకం మన దశరూపకాల్లోనే, అంటే సంస్కృత నాటకాల్లోని పది రకాల్లోనే ఉంది. దాని పేరు భాణం. నటుడు వీధిలో నడుస్తూ, కనబడని మనుషులతో మాట్లాడుతూ, "ఏమంటున్నావు?" అని వాళ్ళ మాటను కూడా తనే చెబుతాడు. దాన్నే ఆకాశభాషితం అన్నారు. ఈనాటి సోలో షోలో పెద్దత్త గొంతుని అనుకరించి తనే జవాబిచ్చే పద్ధతి ఇదే. తెలంగాణ పల్లెల్లో ఖాకీ బట్టలు, కట్టె తుపాకితో వచ్చే పిట్టల దొర ఒక్కడే ఊరంతటినీ నవ్విస్తాడు. తన తిండి యావ గురించి తనే చెప్పుకునే విదూషకుణ్ణి చూడాలంటే మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో మైత్రేయుడున్నాడు. నాయకుడు చారుదత్తుడి ఇంట కడుపునిండా మోదకాలు తిన్న రోజులు తలుచుకుని వాపోతాడు.

ప్రమాదం మాటలో మాత్రం సగం నిజముంది, దాన్ని కాదనను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. దేశం మొత్తం మీద ఇది 24 శాతం. మన ఒళ్ళు తక్కువ బరువుకే షుగర్ తెచ్చుకుంటుందని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. కానీ ఆ అంకెలకి కారణం స్టేజి మీది జోకు కాదు. మూడు పూటలా పాలిష్ బియ్యం, కూర్చుని చేసే పని, నడవడానికి చోటు లేని రోడ్లు, నిద్ర లేని రాత్రులు, ఇంటి పనంతా అయ్యాక తన కోసం అరగంట కూడా మిగలని ఆడవాళ్ళ రోజు. వీటి మీద ఆ పోస్టులో ఒక్క వాక్యం లేదు.

చివరిది, తగ్గితే షో నడవదట. అమెరికన్ కమెడియన్ జిమ్ గాఫిగన్ ఏళ్ళ తరబడి తన తిండి గురించే చెప్పి పేరు తెచ్చుకున్నాడు. ఆకలి తగ్గించే ఇంజెక్షన్‌తో బరువు తగ్గాక, 2024లో ఆ తగ్గడాన్నే కొత్త ప్రదర్శనగా చేశాడు. అలాంటి ఇంజెక్షన్లు 2025లో మన దేశానికీ వచ్చాయి. వాటిలో సెమాగ్లూటైడ్ అనే మందు ఆపేసినవాళ్ళు, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో మళ్ళీ పెరిగినట్టు పరిశోధనలో తేలింది. తగ్గినా కథ అయిపోదు, చెప్పుకోవాల్సింది ఇంకా మిగిలే ఉంటుంది. ఆ పోస్టును నాకు పంపినవాళ్ళందరికీ ఈ జవాబు పంపుతున్నాను. పూర్తిగా చదివాక కూడా తప్పనిపిస్తే, ఏ అంశం తప్పో చెప్పండి, మాట్లాడుకుందాం.