పెదాలు కదిపే విద్య

తెలుగు హిందువు మైనారిటీగా మారడానికి పట్టే సమయం సుమారు 24 గంటలు. శంషాబాదులో విమానం ఎక్కేటప్పుడు మెజారిటీ, డాలస్‌లో దిగేసరికి మైనారిటీ. మధ్యలో దోహాలో కూర్చున్న మూడు గంటలూ మనం ఏమిటన్నది నాకింకా తేలలేదు. ఆవకాయ ప్యాకెట్ కారకుండా చూసుకోవడంలో పెట్టే శ్రద్ధలో పదో వంతైనా ఈ మార్పు మీద పెట్టం. నాకైతే పదకొండేళ్ళకు గానీ తెలియలేదు. మావాణ్ణి బడి మాన్పించి ఇంట్లో చదివిద్దామనుకున్న రోజున తెలిసింది.

ఈ మాట చెప్పగానే ఊళ్ళో మా అన్నయ్య కంగారుపడి, "ఫీజు కట్టలేకపోతున్నావేంట్రా?" అన్నాడు. కాదన్నయ్యా, ఇక్కడిది హక్కు. 1993 నాటికే 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది. 2020లో కరోనా వచ్చాక, బడి ఈడు పిల్లలున్న ఇళ్ళలో 5.4 శాతంగా ఉన్న ఈ చదువు ఆర్నెల్లు తిరక్కుండా 11.1 శాతమైందని సెన్సస్ బ్యూరోవాళ్ళే లెక్క తీశారు. టెక్సాస్‌లో అయితే మరీ సుఖం. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం. ఈ అయిదూ చెబితే చాలు, సైన్సు జాబితాలోనే లేదు. అది వినగానే అన్నయ్య ఫోన్ పెట్టేశాడు. భూమ్మీద ఎంపీసీ, బైపీసీ అని రెండే జాతులున్నాయని నమ్మే మనిషి.

ఇక పుస్తకాలు. ఇంటి చదువు మంచిదని జాన్ హోల్ట్ అనే అమెరికన్ విద్యావేత్త లాంటివాళ్ళు 1970ల్లోనే చెప్పినా, కోర్టుల చుట్టూ తిరిగి, 1983లో హెచ్‌ఎస్‌ఎల్‌డీఏ అని లాయర్ల సంఘం పెట్టి మరీ రోడ్డు వేసింది ఎక్కువగా ఎవాంజెలికల్ క్రైస్తవులు. రోడ్డు వేసినవాళ్ళు దారి పొడవునా తమ దేవుడి బోర్డులు పెట్టుకోరా? మనం వేసినా మలుపుకో ఆంజనేయస్వామి వెలిసేవాడు. అందుకని పెద్దమనసుతో ఒక సెట్టు కొన్నాను.

సైన్సు పుస్తకం తెరిస్తే భూమి వయసు సుమారు 6,000 ఏళ్ళు. జేమ్స్ అషర్ అనే ఐర్లండ్ ఆర్చ్‌బిషప్ 1650లో బైబిల్ వంశావళులు కూడి, క్రీ.పూ. 4004 అక్టోబరులో సృష్టి మొదలైందని తేల్చాడు. ఆ లెక్కకు వారసులన్నమాట వీళ్ళు. మన పంచాంగం ప్రకారం కలియుగం మొదలైందే క్రీ.పూ. 3102లో. అంటే భూమి పుట్టిన 902 ఏళ్ళకే కలి వచ్చి కూర్చున్నాడు. కృత, త్రేతా, ద్వాపరాలు మూడింటినీ ఆ 902 ఏళ్ళలో ఎలా సర్దను? రాముడి వనవాసాన్ని వారాంతానికి కుదించినా కుదరదు.

ఇలాంటి మూఢనమ్మకాల మధ్య పిల్లవాణ్ణి పెంచకూడదని తీర్మానించుకుని, వాట్సాప్ గ్రూపు పెట్టి మన సొంత సైన్సు పుస్తకం మొదలుపెట్టాం. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్ళు. సైంటిస్టులు భూమికి 454 కోట్లు అంటున్నారు. తేడా 22 కోట్లే, బ్రహ్మగారి గడియారంలో నలభై నిమిషాలు కూడా కాదు. సైంటిస్టుల్ని ఆ మాత్రం క్షమించవచ్చు. అయిదో అధ్యాయం విమానయానం, పుష్పకంతో మొదలు. మూడు రోజుల్లో ముప్ఫై పేజీలయ్యాయి.

గ్రూపులో ఒక గుంటూరు క్రైస్తవుడు ఉన్నాడు. ఆయన కష్టం వేరు. అక్కడ మైనారిటీ, ఇక్కడికి రాగానే మెజారిటీ అయిపోతానని ఆశపడి వచ్చాడు. ఇక్కడి చర్చిలో ప్రతివాడూ "మీరెప్పుడు మతం మారారు?" అని ఆప్యాయంగా అడుగుతాడట. గుంటూరుకు హయ్యర్ దొరగారు వచ్చి లూథరన్ మిషన్ పెట్టింది 1842లో. టెక్సాస్ అమెరికాలో కలిసింది 1845లో. ఆ లెక్కన ఎవరు ఎవర్ని అడగాలో! పాపం, ఆయన మా పుస్తకం చూసి, "ఇందులో మాకేమైనా..." అని నసిగాడు. ఇది సైన్సు బ్రదర్, మతం కాదు అని ఓపిగ్గా వివరించాను. పుస్తకాలమ్మిన కంపెనీ కూడా నాకు అచ్చం ఇదే జవాబు పంపింది, కానీ వాళ్ళది పొగరు.

కో-ఆప్ సంగతి ఇంకా చిత్రం. తల్లిదండ్రులు నలుగురూ కలిసి తలో సబ్జెక్టూ చెప్పుకునే ఏర్పాటు అది. మొదట వెళ్ళినచోట విశ్వాస ప్రకటన మీద సంతకం అడిగారు. యేసు దేవుడు అన్నంతవరకూ నాకేం అభ్యంతరం లేదు. మా పూజగదిలో ఇప్పటికే పద్నాలుగు పటాలున్నాయి, పదిహేనోదానికి మేకు కొట్టలేనా? "ఆయనొక్కడే" అన్న దగ్గర ఆగిపోయాను. సంతకాలు అక్కర్లేని కో-ఆప్ చివరికి ఒకటి దొరికింది. అన్ని మతాలకూ స్వాగతమే. గది మాత్రం చర్చిది, భోజనానికి ముందు చిన్న ప్రార్థన ఉంటుంది.

ఆ చిన్న ప్రార్థనకు మావాడు ఏం చెయ్యాలి? రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి గ్రూపులోని కర్నూలు భాయ్‌ని అడిగాను. ఆయన అక్కడా మైనారిటీనే, ఇక్కడా మైనారిటీనే. విమానం ఆయన్ని ఏమీ చెయ్యలేకపోయింది.

"పెదాలు కదపమను అన్నా, చాలు," అన్నాడు. "గొంతు రానియ్యకూడదు. మా హైస్కూల్లో రోజూ ప్రేయర్‌లో సరస్వతీ నమస్తుభ్యం ఉండేది కదా, పదేళ్ళు అట్లే కదిపినా."

మా బడిలోనూ అదే శ్లోకం. ముందు నిలబడి చెప్పించింది నేనే. నా వెనక ఇన్ని పెదాలు ఊరికే కదులుతున్నాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ వెనక్కి తిరిగి చూడలేదు. అది ప్రార్థన అని కూడా అనుకోలేదు. బెల్లు కొట్టాక వచ్చేది, అంతే.

వెంటనే భాయ్‌ని మా సిలబస్ కమిటీలో సలహాదారుగా వేసుకున్నాం. పుస్తకంలో ఆయనకు అధ్యాయం ఇవ్వలేదు గానీ, ప్రాక్టికల్స్ ఆయనవే. శనివారాలు సాయంత్రం మా గరాజ్‌లో క్లాసు. మొన్న మావాడు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, మొత్తం ప్రార్థన చప్పుడు లేకుండా చేసి చూపించాడు. మా ఆవిడ వీడియో కూడా తీసింది. ఎలా ఉందన్నట్టు భాయ్ వైపు చూశాను.

"ఆమెన్ కాడ లేటైతాండాడు అన్నా," అన్నాడు. "దొరికిపోతాడు."