తెల్ల చొక్కా మీద అఖిలపక్షం

మొన్న మాఘమాసంలో మా మేనమామ మనవరాలి పెళ్లిలో, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు, నా తెల్ల చొక్కా మీద జేబుకు రెండంగుళాల కింద పప్పుచారు పడింది. సమయం, స్థలం ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన విచారణలో వివాదం లేనివి ఈ రెండే.

వడ్డించే కుర్రాడు గరిటె మరీ ఎత్తు నుంచి పోశాడని నా వాదన. ‘‘ఆయనే చెయ్యి అడ్డం పెట్టారండీ’’ అని అతని వాదన. బంతి భోజనంలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఇంకో గరిటె వెయ్యమని అర్థం కాబట్టి అతన్ని తప్పుపట్టలేం. పక్కనే కూర్చున్న మా బావగారు కళ్లజోడు సర్దుకుని చూసి, ‘‘ఏం కాదులే బావా, మామిడి పిందంత ఉంది’’ అన్నారు. పెరుగన్నం వచ్చేసరికి పింద కాయైంది. చేతులు కడుక్కునే వేళకు ఉమ్మడి రాష్ట్రం పటంలా తయారైంది.

ప్రథమ చికిత్స అక్కడి కుళాయి దగ్గరే జరిగింది. మా పిన్ని పరుగున వెళ్లి బట్టల సబ్బు ముక్క తెచ్చి బరబరా రుద్దింది. పసుపుగా ఉన్న మరక కాస్తా ఎర్రబడింది. ‘‘అయ్యో, రక్తం!’’ అని ఎవరో ఆవిడ కేక పెట్టింది. ఇద్దరు నన్ను పట్టుకుని కుర్చీలో కూలేశారు.

ఇందులో రక్తమూ లేదు, మాయా లేదు. బడిలో ఆమ్లాలు, క్షారాల పాఠంలో ఇదే చెప్పారు, మనం మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం. పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. బట్టల సబ్బు క్షారం. తాంబూలంలో వేసుకునే సున్నమూ క్షారమే. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి కొత్త దంపతులకు దిష్టి తీస్తున్నది కూడా అదే మండపంలో, పది గజాల అవతల. మా పిన్ని తెలియకుండానే నా చొక్కాకు దిష్టి తీసిందన్నమాట.

ఆ సాయంత్రం మా ఇంట్లో అఖిలపక్ష సమావేశం. చొక్కాను దండెం మీద వేలాడదీసి అందరూ చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. మా అమ్మ కల్లుప్పు పార్టీ. ‘‘ఒరే నాన్నా, ఉప్పు తియ్యని మరక లేదురా’’ అంది. మా అత్తగారు నిమ్మకాయ పార్టీ, రెండు చెక్కలు కోసుకునే వచ్చారు. మా నాన్నగారికి ఏ సమస్యకైనా ఇస్త్రీ పెట్టే పరిష్కారం, వేడికి మరక ఇంకా గట్టిగా పట్టుకుంటుందని ఎవరన్నా ఆయన ఒప్పుకోరు. మా అబ్బాయి ఫోన్‌లో ఓ వీడియో చూపించి టూత్‌పేస్ట్, వంటసోడా కలపాలన్నాడు. అందులోని చొక్కా మీద మరక ఏడు సెకన్లలో పోయింది. అది అసలు అదే చొక్కానా అని మా ఆవిడ అడిగింది. ఆవిడ ఆ సాయంత్రం మాట్లాడిన రెండు మాటల్లో అదొకటి. రెండోది, ‘‘బిస్కెట్ కలర్ చొక్కా వేసుకోండని చెప్పానా లేదా?’’

తీర్మానాలన్నీ వరసగా అమలు చేశారు. ఉప్పు వల్ల మరకకు రుచి వచ్చి ఉంటుంది, ఇంకేమీ రాలేదు. నిమ్మకాయ తగిలేసరికి ఎరుపు పోయి మళ్లీ పసుపైంది. ‘‘చూశారా అల్లుడుగారూ, తగ్గుతోంది!’’ అన్నారు మా అత్తగారు. క్షారం విరిగి అసలు రంగు తిరిగొచ్చిందంతే, కానీ అత్తగారికి రసాయనశాస్త్రం చెప్పే ధైర్యం నాకు పెళ్లయిన కొత్తలోనే లేదు. టూత్‌పేస్ట్ రుద్దుడుకు మరక నడిమికి చీలి రాష్ట్ర విభజన కూడా పూర్తయింది.

అప్పుడు పైవాటా ఆంటీ బ్లీచింగ్ పౌడర్ డబ్బాతో దిగి వచ్చారు. నిమ్మరసం మీదే వెయ్యమన్నారు. ఇది మాత్రం వ్యంగ్యం కాదు: బ్లీచింగ్‌లో నిమ్మరసం గానీ వెనిగర్ గానీ బాత్‌రూమ్ యాసిడ్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చొక్కా సంగతి తర్వాత, మనిషికే ప్రమాదం. అదృష్టవశాత్తూ సీరియల్ టైమ్ కావడంతో సభ వాయిదా పడింది.

పసుపంటే మనకు ఎంత పట్టుదలో ఒకసారి చూడండి. గాయాలు మాన్పే గుణం మీద 1995లో అమెరికాలో పేటెంటిస్తే మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాదించి 1997లో దాన్ని రద్దు చేయించింది. 2025లో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు కూడా వచ్చింది. పండించేవాళ్లకు, అమ్మేవాళ్లకు ఒక దిక్కు దొరికింది, చాలా సంతోషం. మీద పోసుకున్నవాళ్లకే ఇంకా ఏ బోర్డూ లేదు.

మర్నాడు గిన్నెలు తోమడానికి వచ్చిన ఆమె దండెం కేసి చూసి, ‘‘పోపు నూనె కదమ్మా, గిన్నెల సబ్బు చుక్కేసి ఎండలో పడేస్తే పోద్ది’’ అంది. ఎవరూ పలకలేదు. ఆమె అఖిలపక్షంలో సభ్యురాలు కాదు. రోజూ పదిళ్ల నూనె గిన్నెలు తోముతుందన్న చిన్న అర్హత తప్ప ఈ విషయంలో మాట్లాడే హోదా ఆమెకు ఏముంది?

కానీ ఆమె చెప్పిందాంట్లో రెండు సంగతులూ ఉన్నాయి. పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. పోపు నూనె ఆ రంగును వీపున ఎక్కించుకుని నూలు పోగుల్లోకి దిగుతుంది. కాబట్టి ముందు నూనె పోవాలి. ఇక మిగిలిన రంగు ఎండకు ఆగదు. గడపకు రాసిన పసుపు వెలిసిపోతుందని, తాళిబొట్టు పసుపుతాడుకు మళ్లీ మళ్లీ పసుపు రాసుకోవాలని మా అమ్మకు తెలియదా, అత్తగారికి తెలియదా? తెలుసు. గడప దగ్గర తెలిసిన సంగతి దండెం దాకా రాలేదు, అంతే.

ఆమె మాత్రం వెళ్తూ వెళ్తూ చొక్కా తీసుకెళ్లి రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, చన్నీళ్లతో జాడించి, డాబా మీద తీగకు వేసింది. మేమంతా దాని సంగతే మర్చిపోయాం. మూడో రోజు సాయంత్రం వాన మబ్బు పడితే వడియాలు తీయడానికి మా ఆవిడ పైకి వెళ్లి చొక్కా తెచ్చింది. తెల్లగా ఉంది. జేబు కింద వెతికితే ఒక లేత నీడ, అదీ నాకు తెలుసు కాబట్టి కనపడింది.

ఆ రాత్రే రెండో అఖిలపక్షం. ఉప్పు పని నెమ్మదిగా చేస్తుందని అమ్మ, నిమ్మకాయ ముందే విరగ్గొట్టబట్టే పోయిందని అత్తగారు, తన వీడియోకు ఇదే రుజువని అబ్బాయి. వాడు ఆ చొక్కా ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో ‘‘బిఫోర్, ఆఫ్టర్’’ అని పెట్టాడు కూడా. బావగారు బొటనవేలు గుర్తు పెట్టారు. గిన్నెల సబ్బు పేరు ఆ గ్రూపులో ఎక్కడా రాలేదు.

వచ్చే నెల మా తోడల్లుడి గృహప్రవేశం. మా ఆవిడ ఇంకో తెల్ల చొక్కా కొనిపెట్టింది, ఈసారి లినెన్. పొద్దున ప్యాకెట్ విప్పి వేసుకోబోతుంటే చేతిలోంచి లాక్కుని, ‘‘కొత్త బట్ట అలాగే కట్టుకుంటారా?’’ అంటూ వేలు కుంకుమ భరిణె పక్కనున్న గిన్నెలో ముంచి, కాలర్ లోపలి అంచుకు శ్రద్ధగా ఇంత పసుపు పెట్టింది.