ప్లాస్టిక్ పచ్చిక గారికి, మేడ మీద నుంచి

మహారాజశ్రీ ప్లాస్టిక్ పచ్చిక గారి దివ్య సముఖమునకు,

విశాఖపట్నం, ఐదంతస్తుల మేడ మీద నుంచి రాయునది ఏమనగా:

మొన్న ఆదివారం తమరు లిఫ్టులో పట్టక, చాపచుట్టలా నలుగురి భుజాలెక్కి మెట్లమీదుగా వేంచేశారు. తమరికి చోటివ్వడానికి నిమ్మ తొట్టి, కరివేపాకు, రెండు గన్నేరులు, తులసి కిందికి దిగి గేటు పక్కన చెత్తబండి కోసం నిలబడ్డాయి. ఎందుకని అడిగితే వాచ్‌మన్ చెప్పింది ఒక్కటే: "పురుగులొస్తన్నాయటండీ."

వస్తాయి మరి! మొక్కన్నాక పురుగు రాకేం చేస్తుంది?

తమరి గొప్పలు చదివాం. 35 మిల్లీమీటర్ల పోచ, నీళ్లక్కర్లేదు, కోతక్కర్లేదు, పురుగు చేరదు. మొదటి మూడూ సరే, ఆ నాలుగోది మాత్రం గొంతు దిగడం లేదు.

నిమ్మాకు మీద పిట్టరెట్టలా కనిపించింది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. పిట్టలు ముట్టకుండా చిన్నప్పుడు దానికా వేషం. పెరిగాక ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి తోసి, ఘాటైన వాసన వదులుతుంది. అంతకుమించి దాని దగ్గర ఆయుధం లేదు. కుట్టదు, దురద పెట్టదు. అలాంటిదాని మీద బొద్దింకల మందు కొట్టించారు అసోసియేషన్ పెద్దలు. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా అది అడిగేది ఇంచుమించు నెల గడువు. నాలుగడుగుల నిమ్మను మూడు నాలుగు గొంగళ్లు ఎంత మేసినా కొమ్మ చావదు, మళ్లీ చిగురు తోసుకొస్తుంది. మరీ పసిమొక్కయితే గొంగళి కూర్చున్న ఆకును కాడతో సహా తుంచి ఇంకో పెద్ద నిమ్మ కొమ్మకు ఆనించి పెడితే చాలు, అదే నడిచి వెళ్తుంది. దాన్ని వేళ్లతో పీకితే పట్టు వదలదు, చర్మం చిరుగుతుంది.

గన్నేరు ఆకు కింద వెండి లోలాకులా మెరుస్తూ వేలాడిన కాయ గుర్తుందా? అదీ సీతాకోకచిలుక గూడే. అదీ చెత్తబండిలోకే వెళ్లింది.

ఇక చిగుళ్ల మీద చేరి రసం పీల్చే బుల్లి పురుగులు, పేనుబంక. దాన్ని తినడానికి అక్షింతల పురుగు వస్తుంది. ఎర్రగా, గుండ్రంగా ఉన్న తల్లిని అందరూ ముద్దు చేస్తారు. నల్లగా, నారింజ చుక్కలతో బుల్లి మొసలిలా ఉండే దాని పిల్లను మాత్రం చెప్పుతో నలిపేస్తారు. పేనుబంకను ఎక్కువగా మేసేది ఆ పిల్లే! ముందు గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి చూడాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, బంక పట్టిన రెమ్మకే, తేనెటీగలు వెళ్లిపోయాక సాయంత్రం కొట్టాలి. గొంగళి ఉన్న ఆకు మీద అదీ వద్దు.

అన్నట్టు, చవితి వస్తే ఎలా స్వామీ? గరిక కావాలి కదా. తమరి ఒంటి మీద నుంచి రెండు పోచలు పీకి వినాయకుడి మీద వెయ్యమంటారా? 21 పత్రుల పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివే ఇళ్లలో ఒక్కటీ తొట్టిలో ఉండదు. ముందురోజు రైతుబజారులో కట్ట కొంటారు. ఆ 21లో జిల్లేడు, గన్నేరు, మారేడు, రేగు ఉన్నాయి. నాలుగూ సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే మొక్కలే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లను విరిచేసిందంటే అది తుపాను. ఇక్కడ మనమే చందాలేసుకుని, రసీదు పుచ్చుకుని మరీ పీకించాం.

ఇంకా "తమరు" ఏమిటిలే. నువ్వు ఎండకి 60 డిగ్రీలు దాటి కాగుతావు, నీ మీద పిల్లలు చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేరు. వాన పడితే నీ అడుగున తడి ఆరదు, శ్లాబు పాకుడు పడుతుంది. నీ నుంచి ఊడిన పోగులు వాననీళ్లు దిగే గొట్టం మూతికి అడ్డం పడి నీళ్లు నిలబెడతాయి. ఆ నీళ్లు వారం ఉంటే చాలు, దోమలు లేస్తాయి. పురుగు చేరదన్నావుగా! వాటిని తినే తూనీగలను, పిట్టలను రానివ్వకుండా చేసి, దోమలకు మాత్రం పురుడు పోస్తావా?

నిమ్మ వెనక్కి వచ్చింది. 18 అంగుళాల తొట్టి, అడుగు రంధ్రాల మీద పెంకుముక్కలు, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన గెత్తం, ఒక పాలు కొబ్బరిపొట్టు, పిడికెడు వేపపిండి. పచ్చి గెత్తం వేస్తే వేడికి వేళ్లు మాడతాయి. తొట్టి కింద రెండు ఇటుకలు. పక్కన గులకరాళ్లు పరిచిన పళ్లెంలో నీళ్లు, రోజూ మార్చి.

దానికి చోటు కావాలి కాబట్టి తూర్పు మూల నుంచి నిన్ను కోస్తున్నాం. పారెయ్యంలే. రెండడుగుల ముక్కలు చేసి గుమ్మానికొకటి వేస్తాం. ఆర్కే బీచ్ నుంచి వచ్చినవాళ్ల చెప్పుల ఇసుక దులపడానికి, నిజం చెప్పాలంటే, నీకు సాటి లేదు.

ఇట్లు,
చెత్తబండి కంటే ముందు గేటు దగ్గరికి పరిగెత్తిన నాలుగో అంతస్తువారు