మంట ఆరాక మొదలయ్యే ముప్పు

2018 జనవరి 9 తెల్లవారుజామున కాలిఫోర్నియాలోని మాంటెసిటోలో ఐదు నిమిషాల్లో సుమారు 13 మిల్లీమీటర్ల వాన కురిసింది. తుపాన్లు చూసిన మన కోస్తా వాళ్లు దాన్ని పెద్ద వాన అనరు. ఆ వానకే కొండల మీంచి బురద, కారంత బండరాళ్లు ఊరి మీద పడ్డాయి. 23 మంది చనిపోయారు, వందకు పైగా ఇళ్లు పోయాయి. 101 హైవే దాదాపు రెండు వారాలు మూతపడింది.

అంతకు నెల ముందు, డిసెంబర్ 4న మొదలైన థామస్ ఫైర్ అనే కార్చిచ్చు 2.8 లక్షల ఎకరాలను కాల్చేసింది. ఆ కొండల నిండా మైనం పూసినట్టుండే ఆకుల పొదలు. అవి కాలినప్పుడు పుట్టే మైనపు ఆవిరి మట్టిలోకి దిగి, కాస్త లోతున గడ్డకట్టి, నీరు ఇంకని పొరగా మారుతుంది. పైన ఆకు లేదు, చినుకును ఆపే చెత్తా లేదు. పడ్డ నీళ్లన్నీ వాలు మీదే జారి, బూడిదను, మట్టిని, రాళ్లను కలుపుకుంటూ వాగుల్లో చేరతాయి. మామూలు కొండచరియలకు రోజుల తరబడి నానిన నేల కావాలి. ఇక్కడ నేల నానక్కర్లేదు, కొన్ని నిమిషాల జోరు వాన చాలు. కాబట్టి రోజు మొత్తంలో ఎంత కురుస్తుందన్న లెక్క ఇక్కడ పెద్దగా పనికిరాదు.

హెచ్చరికలు లేక జరిగిన ఘోరం కాదిది. 192 నంబరు రోడ్డుకు పైనున్న వాళ్లు తప్పనిసరిగా ఇళ్లు ఖాళీ చేయాలని అధికారులు అన్నారు, కింది వాళ్లకు ‘మీ ఇష్టం’ అన్నారు. బురద వాగుల వెంట వచ్చింది, రోడ్డును చూసి ఆగలేదు. చనిపోయిన వాళ్లలో చాలామంది ఆ ‘మీ ఇష్టం’ ప్రాంతం వాళ్లే. నిజానికి పై భాగంలోనూ ఎంతోమంది కదల్లేదు. మంటలప్పుడు రోజుల తరబడి ఇల్లు వదిలి అప్పుడే తిరిగొచ్చిన వాళ్లను, వాన పడొచ్చు మళ్లీ సర్దుకోండి అంటే ఎవరికైనా విసుగే. నా దృష్టిలో జనాన్ని తప్పుపట్టడం కంటే, ‘మీ ఇష్టం’ అనే మాటను ఇలాంటి చోట ఎత్తేయడం మేలు. సరిగ్గా ఐదేళ్లకు, 2023 జనవరి 9న పెద్ద వాన వచ్చినప్పుడు మాంటెసిటో మొత్తాన్ని ఖాళీ చేయమన్నారు.

మన దగ్గరకొస్తే, 2024లో వయనాడ్‌ను ముంచింది కార్చిచ్చు కాదు, కుండపోత వాన. రెండింటినీ కలిపేయకూడదు. ఉత్తరాఖండ్‌ను మాత్రం గమనించాలి. వేసవిలో అక్కడి చీర్ పైన్ అడవులు తగలబడతాయి, జూన్ చివర్లో వానలు మొదలవుతాయి. ఆ మంటలు ఎక్కువగా నేల మీద రాలిన, సూదుల్లాంటి ఎండుటాకులనే కాలుస్తాయి కాబట్టి కాలిఫోర్నియా అంత ముప్పు అన్ని వాలులకూ ఉండదు. అయినా మంట బలంగా తగిలిన వాలు కింద ఊరో, రోడ్డో ఉంటే? అడవి మంటల సమాచారం ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల నుంచి ఇస్తోంది. కొండచరియల ముందస్తు హెచ్చరికలు జియలాజికల్ సర్వే చూస్తోంది. ఈ రెండు లెక్కలూ ఒకే మ్యాపు మీద, జూన్ మొదటివారం లోపే జిల్లా కలెక్టర్ టేబుల్ మీదకు రావాలి.