పానగల్ రాజాకు దక్కాల్సిన చోటు

చెన్నై త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కు ఎవరి పేరున వెలిసిందో తెలిసిన తెలుగువాళ్లు తక్కువ. ఆ రాజా మనవాడే. 1866లో కాళహస్తిలో పుట్టిన పానగంటి రామారాయణింగారు బ్రాహ్మణేతరుల పక్షాన నిలిచిన జస్టిస్ పార్టీ నాయకుడిగా 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రి, అంటే నేటి లెక్కలో ముఖ్యమంత్రి. తెలుగునాట ఆయన్ను ఇంతగా మరచిపోవడం అన్యాయమని మేము భావిస్తున్నాం.

అది ద్వంద్వ ప్రభుత్వ కాలం. విద్య, వైద్యం, స్థానిక పాలన మంత్రులకిచ్చి, ఖజానా, పోలీసు, భూమి శిస్తు గవర్నర్ తన దగ్గరే ఉంచుకున్నాడు. అలా చేతులు కట్టేసిన పదవిలో ఉండి ఆయన చేసింది తక్కువేమీ కాదు. ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు, ముస్లింలకు, క్రైస్తవులకు చోటు పెంచే కమ్యూనల్ జీవో 1921లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. అన్నిటికన్నా పెద్ద పోరాటం దేవాలయాల బిల్లు మీద. గుడి మాన్యాలకు, రాబడికి లెక్క చెప్పాలనడమే మతంలో జోక్యమంటూ బిల్లు వ్యతిరేకులు గొడవ చేశారు. 1922లో సభకు వచ్చిన ఆ బిల్లు చట్టమయ్యేసరికి 1925 అయింది. నేటి దేవాదాయ శాఖకు పునాది అక్కడే పడింది.

అయితే చీరాలను దాటవేయలేం. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేశాక పన్ను తట్టుకోలేక నేతపనివాళ్లు, రైతులు మొరపెట్టుకున్నారు. స్థానిక పాలన శాఖ రామారాయణింగారిదే. మునిసిపాలిటీ రద్దు కాలేదు. 1921లో కాంగ్రెస్ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లాతో ఊరి బయటికి వచ్చేశారు. రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, పాకల్లో ఎండావానలకోర్చి నెలల తరబడి బతికారు. ప్రజలెన్నుకున్న సభకు జవాబుదారీ అయిన మంత్రి ఆ జనం గోడు ఆలకించి ఉండాల్సింది. గవర్నర్ అధికారాలను సాకుగా చూపడానికి కూడా లేదు, ఆ నిర్ణయం ఆయన చేతిలోనిదే.

కాంగ్రెస్ కోణంలో రాసిన చరిత్రకు ఆయన బ్రిటిష్ పక్షపాతి, అభిమానులకు మచ్చలేని మహానుభావుడు. ఈ రెండూ మాకు సమ్మతం కావు. ఆనాటి శాసనసభ చర్చలు ఇంగ్లిష్ సంపుటాల్లో ఉన్నాయి. దేవాలయాల బిల్లుపైనా, చీరాలపైనా సాగిన చర్చలనైనా రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు తెలుగులోకి తేవాలి. ఆ పనిని ఆంధ్ర విశ్వవిద్యాలయం ముందుగా తలకెత్తుకోవాలని కోరుతున్నాం.