ధర కాదు, నకిలీలే అడ్డంకి
ధర ఎక్కువ కాబట్టే యువత చేనేత కొనడం లేదని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మేము వెనకాడేది మోసపోతామేమోనని. రెండేళ్ల కిందట పోచంపల్లి ఇక్కత్ అని చూసి ఆన్‌లైన్‌లో 800 రూపాయలకు కుర్తా తెప్పించుకున్నాను. తిరగేస్తే లోపలంతా తెల్లగా ఉంది, ఉత్త అచ్చు! అసలు ఇక్కత్‌కు నేయకముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతారు. అందుకే రెండువైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ఆ చెదిరిన అంచే నాకు ప్రాణం. ఆ ప్రాంతానికే చెందినదని 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన నేత పేరుతో అచ్చుబట్ట అమ్ముతుంటే ఎంత బాధగా ఉంటుందో! తర్వాత పోచంపల్లికే వెళ్లి, మగ్గం దగ్గర చూసి మరీ గుడ్డ కొని కుట్టించుకున్నాను. ఖర్చు రెట్టింపయింది. కాలేజీలో ముగ్గురు స్నేహితురాళ్లు అది చూసి, ఈసారి తమనూ తీసుకెళ్లమన్నారు.